కొబ్బరినీళ్లు తాగిన కారు

నా చిన్నప్పుడు మా ఇంట్లో బాగా చదువుకున్నవాడు మా నాన్న, ఇంజను బాగా తెలిసిన మనిషి మా మేనత్త. రాజాంలో సైన్సు మాస్టారైన నాన్న, విజయనగరంలో ఎవరో తుక్కుకింద అమ్మేసిన పాత కారును ఎడ్లబండికి కట్టించి ఇంటికి లాక్కొచ్చాడు. దాన్ని బాగుచేసి నాన్నమ్మను శ్రీకూర్మం గుడికి తీసుకెళ్లాలని ఆయన పంతం. పంతం ఆయనది, పని అత్తది. భర్త పోయి పుట్టింట్లో ఉంటున్న ఆవిడ ఏడాదిపాటు పెరట్లో కూర్చుని ప్రతి భాగాన్నీ కిరసనాయిలులో కడిగి, తుప్పు గీకి, తిరిగి బిగించింది. ఆ చేతులు ఎవరికీ అపశకునం కాలేదు.

పెరట్లో చక్కగా తిరిగిన ఇంజను, ముహూర్తం పెట్టిన శుక్రవారం మాత్రం ఉలకలేదు. మరుసటి శుక్రవారమూ అంతే. గుమ్మంలో నిలబడ్డ అత్తను చూసి నాన్నమ్మ, "ఇది ఎదురుగుంటే బండేటి కదుల్తాది? ఈపాలి కదలకపోతే దీన్ని అత్తోరింటికి పంపీరా" అంది. రెండు పూటలా తిండి పెట్టని అత్తవారిల్లది. నాన్న తల వంచుకున్నాడు.

మావాళ్ల భక్తి ఎలాంటిదంటే, బానెట్ ఎత్తి, ఇంజనుకు బొట్టుపెట్టి, దాని నెత్తినే కొబ్బరికాయ కొట్టేవారు. నిప్పురవ్వల్ని పంచే డిస్ట్రిబ్యూటర్ మూతకు పగులుంది. అతికించింది అత్తే గనుక ఆవిడకు తెలుసు. "ఆ నీళ్లు లోపలికి దిగుతన్నాయన్నయ్యా, కాయ గుమ్మంలో కొట్టు" అని చెప్పింది. "నాకు సెప్పొచ్చావా?" అన్నాడు, తడి వస్తువులో కరెంటు ఎలా పారుతుందో తరగతిలో బొమ్మగీసి చెప్పే మా నాన్న. చదువు బల్లమీద సుద్దముక్కతోపాటు వదిలేసి రావలసిందని ఆయన నమ్మకం కాబోలు.

మూడో శుక్రవారం అత్త నన్ను పిలిచి, "ఒసే, నన్ను ఎనకగదిలో ఎట్టి గడియెట్టీ" అంది. నేను సంతోషంగా పెట్టాను. కారెక్కాలని నా ఆశ. ఆవిడ ఎదురు రాకూడదని నాకూ నమ్మకమే.

మళ్లీ ఇంజను నెత్తినే కాయ కొట్టారు. నాన్న తాళం తిప్పాడు. బ్యాటరీ మూలిగి మూలిగి చచ్చింది గానీ కారు కదల్లేదు. అపశకునం గదిలో ఉంది, అయినా ఫలితం అదే. నేను వెళ్లి గడియ తీశాను.

అత్త వచ్చి ఆ మూత ఊడదీసి, పైటచెంగుతో తడి తుడిచి బిగించింది. ఇంజను తిప్పే ఇనుప హేండిల్ ముందువైపు దూర్చి, సరిగ్గా కారుకు ఎదురుగా నిలబడి, "సూడన్నయ్యా, ఎదురొచ్చాను" అని ఒక్క తిప్పు తిప్పింది. ఇంజను అందుకుంది.

ఎవరైనా సిగ్గుపడ్డారా? నాన్నమ్మ చెంపలు వేసుకుని, "కాసేపు గదిలో ఎట్టినందుకే సామి కరుణించాడు" అంది. నాన్న అవునన్నట్టు తలూపాడు. అయినా అత్తను పంపేయాలన్న మాట ఆ ఇంట్లో మళ్లీ వినపడలేదు. శ్రీకూర్మం దాకా ముందు సీట్లో కూర్చున్నది ఆవిడే. దారిలో కారు ఆగితే బాగుచేసేది ఎవరు మరి!

ఇప్పటికీ షోరూముల ముందు గుమ్మడికాయలు పగలగొట్టే ఇంజనీర్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవదు. వాళ్లను వెక్కిరించడానికి నోరు తెరిచిన ప్రతిసారీ, సంతోషంగా గడియ పెట్టిన నా చేతికి ఆ ఇనుము చల్లగా తగులుతుంది.