జట్టు కట్టినవాళ్లు

అమెరికాలో, పిస్కాటవేలో మా మనవరాలు మొదటి ప్రపంచయుద్ధం హోంవర్క్ చేస్తూ, "తాతా, సెర్బియా కోసం రష్యా వచ్చింది, రష్యా కోసం ఫ్రాన్స్ వచ్చింది. సిల్లీ కదా?" అని నవ్వింది. నాకు ఒళ్లు మండింది, దాని మీద కాదు.

చిన్నప్పుడు గోళీ కాజేశాడని మా సుబ్బడు ఎదురువీధివాడికి కటీఫ్ చెప్పాడు. సుబ్బడి జట్టు కాబట్టి మేమూ చెప్పాం. వాడి జట్టూ మాకు చెప్పింది. సాయంత్రానికల్లా ఎండిన కాలవకి చెరోవైపు రాళ్లు పట్టుకుని నిలబడ్డాం. జట్టు పెద్దదైతే అవతలివాళ్లు జడిసి పారిపోతారనుకున్నాను. ఎవరూ కదల్లేదు. చెమటకి నా చేతిలో రాయి జారుతోంది.

అంతలో మా చిన్నతాత చంకలో కర్రతో కుంటుకుంటూ వచ్చాడు. ఆ మొదటి ప్రపంచయుద్ధంలోనే ఆయన కాలు పోయింది.

"నీకు వాళ్లతో తగువేంట్రా?"

"నాకేం లేదు తాతా, సుబ్బడికి."

"నాకూ ఎవడితోనూ లేదురా."

రాయి కింద పడేశాను. "పిరికిగొడ్డా, నీకూ కటీఫ్!" అని అరిచాడు సుబ్బడు. చాలా రోజులు నాతో ఎవరూ ఆడలేదు. తాత మీద తెగ కోపం వచ్చింది.

తెల్లదొరలు తమ తగువులోకి లాక్కెళ్లినప్పుడు, తుపాకీ అలా పడేసి ఇంటికొచ్చే వీలు ఆయనకి లేదని తెలిసేసరికి, ఆయన పోయి చాలా ఏళ్లయింది.