పులుపు మందుకి అత్త విరుగుడు

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. పశువుల దాణాలో కలిపే మందులు అమ్మే కంపెనీలో నాకు ఉద్యోగం దొరికిన ఆ రోజుల్లో నా సంగతీ అంతే. పోర్ట్ బ్లెయిర్‌లో ఎవరి పెరట్లో కోడి కూసినా బస్సు దిగి మరీ వెళ్లి, ఆ ఇంటివాళ్లకి కోడి కడుపు గురించి ఉపన్యాసం ఇవ్వందే కదిలేవాణ్ని కాదు. నేను అమ్మేది పులుపు మందు. (కంపెనీవాళ్లు దాన్ని యాసిడిఫయర్ అనేవారు. ఆ మాట పలకడం కోసమే సగం ఉద్యోగం చేశాననిపిస్తుంది.) తెల్లటి పొడి. దాణాలో కాస్త కలిపితే కోడి కడుపులో పులుపు పెరిగి, చెడ్డ క్రిములు అణిగి, తిన్నది ఒంటికి పడుతుంది. అయినదానికీ కానిదానికీ యాంటీబయాటిక్ పొడులు గుప్పించే అవసరం తగ్గుతుంది. చూశారా, ఇన్నేళ్లయినా నా ఉపన్యాసం ఆగలేదు.

మొదటి గిరాకీ ఇంట్లోనే తగిలింది. మా మేనమామ భార్య, అంటే మా అత్త, ఊరి పక్కనే గరాచర్మలో ఇంటి వెనక కోళ్ల షెడ్డు నడిపేది. శ్రీకాకుళం సముద్రపొడ్డు నుంచి పెళ్లయి ఈ దీవికి వచ్చాక ఆవిడ తనదంటూ కట్టుకున్నది అదొక్కటే. మావయ్య హాడోలో కాంట్రాక్టు పనులు చేసేవాడు. ఆయన కళ్లకి షెడ్డులో కోళ్లు కనిపించేవి కావు, రూములు అద్దెకి తీసుకున్న టూరిస్టులు కనిపించేవారు. ఆ ఏడు వానల్లో ఓడ మీద వచ్చిన దాణా చెమ్మెక్కింది. కోళ్లకి పారుడు రోగం పట్టుకుంది, గుడ్లు తగ్గిపోయాయి. మావయ్యకి ఇంతకన్నా మంచి అదను ఎక్కడ దొరుకుతుంది?

"బస్, ఇంక సాలు. వచ్చే ఓడ దాణా దింపేలోగా ఇవి తేరుకోకపోతే షెడ్డు కొట్టేసి రూములేసేస్తాను. ఫైనల్," అన్నాడు అన్నం కలుపుకుంటూ.

అత్త పులుసు వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పెట్టేసి నా వైపు చూసింది. "షెడ్డు పూచీ నాది మావయ్యా," అనేశాను. మర్నాడు పొద్దున్నే డబ్బా పట్టుకుని దిగాను.

"ఏటిరా అల్లుడూ ఇది? సబ్బు పొడా?" అంది అత్త.

"యాసిడ్ అత్తా! కోళ్లకి పెట్టే యాసిడ్!" అన్నాను, దాన్ని నేనే కనిపెట్టినట్టు.

అక్కడే కొంప మునిగింది. అత్త ఇంట్లో యాసిడ్ అంటే బాత్‌రూములో పిల్లలకి అందకుండా పై అరలో పెట్టిన సీసా. నేల మీద పోస్తే పొగలు కక్కేది. ఆవిడ నా మొహం చూసింది, కోళ్ల మొహాలు చూసింది. "అలగే బాబూ. సదువుకున్నోడివి, నీకు తెలీదా," అంది. ఆ "అలగే" విన్నప్పుడే నేను భయపడాల్సింది. మా ఇళ్లలో ఆడవాళ్లు మందుని ఎప్పుడూ కాదనరు. తీసుకుని, పక్కన దానికో విరుగుడు పెడతారు. మాత్ర వేడి చేస్తుందని మజ్జిగ, ఇంజక్షన్ పడదని కొబ్బరినీళ్లు.

రోజూ పొద్దున్నే నేను పొడి దాణాలో మందు కలిపి వెళ్లేవాణ్ని. తరవాత అత్త దాన్ని నీళ్లతో తడిపి తొట్లలో పోసేది. (పొడి దాణా కోడి గొంతుకి అడ్డం పడుతుందని ఆవిడ నమ్మకం.) వారం దాటినా పారుడు ఆగలేదు. పైగా తడిపిన దాణా దోసెల పిండిలా పొంగడం మొదలుపెట్టింది. చెన్నైలో ఉన్న మా సార్‌కి ఫోన్ చేస్తే, "అరే భయ్యా, డోస్ బఢావో," అన్నాడు. పెంచాను. దాణా ఇంకా పొంగింది. తొట్టి ముందు గొంతుక్కూర్చుని బూజు గురించి, తేమ గురించి, ఓడల్లో సరుకు పేర్చే పద్ధతి గురించి అత్తకి పాఠం చెప్పాను. ఆవిడ శ్రద్ధగా తల ఊపింది. ఈలోగా మావయ్య సాయంత్రాలు టేపు పట్టుకుని షెడ్డు చుట్టూ కొలతలు తియ్యడం మొదలుపెట్టాడు. నన్ను చూసినప్పుడల్లా "క్యా డాక్టర్ సాబ్, పేషెంట్లు ఎలాగున్నారు?" అని అడిగేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది.

ఓడ రేపు వస్తుందనగా నా ఓపిక అయిపోయింది. పులుపు తెలిపే కాగితం దాణాలో ముంచితే అసలు పులుపే లేదంది. మందు వేసింది నేను, నా చేత్తో! కాగితాన్ని తిట్టాను, కంపెనీని తిట్టాను, చివరికి ఏమీ తోచక తొట్లోంచి ఓ పలుకు తీసి నాలిక మీద వేసుకున్నాను. ఆ రుచి నాకు బాగా తెలుసు. అత్త బజ్జీల్లో సోడా ఎక్కువైనప్పుడు వచ్చే రుచి.

"అత్తా! దాణాలో వంటసోడా వేస్తున్నావా?"

"కొంచెవేరా," అంది చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ. "నాకు పులుపు తింటే కడుపు మండిపోద్ది. సోడా తాగితే సర్దుకుంటాది. అయ్యీ కడుపులే కదా? నువ్వేమో యాసిడ్ పోస్తన్నావు."

"మరి నేను మోతాదు పెంచాక?"

"నానూ పెంచాను. మరి ఒగ్గేస్తానా?"

ఇన్నాళ్లూ నేను ఎక్కించిన పులుపుని ఆవిడ గుప్పెళ్లతో దింపేస్తోందన్నమాట! "వద్దు అల్లుడూ అని ఒక్క మాట చెప్పొచ్చు కదా!" అని అరిచాను. కోళ్లు బెదిరి మూలకి పోయాయి.

అత్త మాత్రం బెదరలేదు. "ఎలగ సెప్తాన్రా? మొదటి ఉజ్జోగం. సొంత అత్తే వద్దంటే బైట ఎవులు కొంటారు నీ మందు? కోళ్లూ బతకాల, నీ ఉజ్జోగవూ బతకాల."

నా కోపానికి నిలబడే చోటు లేకుండా పోయింది. డబ్బా మూత తీసి చిటికెడు పొడి నాలిక మీద వేసుకుని చూపించాను. ఆవిడా భయం భయంగా ఓ పలుకు చప్పరించింది. "నిమ్మ ఉప్పులాగుంది కదరా! ఈ మాటేదో ముందే ఏడవొచ్చు కదా!" అంది, తప్పంతా నాదే అన్నట్టు.

సోడా మానేశాం. మా అదృష్టం కొద్దీ సముద్రం బాగా లేక ఆ ఓడ ఆలస్యమైంది. అది వచ్చి దాణా దింపేసరికి కోళ్లు తేరుకున్నాయి. ఆ సాయంత్రం మావయ్య రెండు గుడ్డట్లు తిని, టేపు అటక మీద పడేశాడు. నా కష్టాలు మాత్రం తీరలేదు. గరాచర్మ నుంచి డాలీగంజ్ దాకా అత్త ఏం ప్రచారం చేసిందో గానీ, చాలాకాలం నా గిరాకీలు, "భయ్యా, దీనిమీద సోడా ఎప్పుడు కలపాల?" అని అడిగి నా ప్రాణాలు తోడేశారు.

ఆ షెడ్డు ఇప్పటికీ ఉంది. నేనూ ఈ పొడులే అమ్ముతున్నాను, కాకపోతే యాసిడ్ అనే మాట నోట రానివ్వను. ఊళ్లు తిరిగీ వేళ తప్పి తినీ కడుపులో మంట నాకే పట్టుకుంది. వెళ్లినప్పుడల్లా అత్త అడక్కుండానే సోడా కలిపిన గ్లాసు నా ముందు పెడుతుంది. అది తాగుతూ షెడ్డు వైపు చూస్తే, డబ్బా పట్టుకుని రొమ్ము విరుచుకున్న ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. షెడ్డుని తానే నిలబెడుతున్నాననుకున్నాడు పాపం. ఆవిడ మాత్రం వాడి మాట పోకూడదని, తనకున్న ఆ ఒక్క షెడ్డునీ వాడి చేతిలో పెట్టి ఊరుకుంది.