చెప్పుల పట్టీ

నా చిన్నప్పుడు మా నాయన కూర్చుని ఉండగా నేను చూసింది తక్కువ. ఉంటే నిలబడి ఉండేవాడు, లేకపోతే పడుకుని ఉండేవాడు. ఇంటికి ఎవరొచ్చినా గుంజకు ఆనుకుని నిలబడే మాట్లాడేవాడు. చూసినవాళ్లంతా ఎంత మర్యాదస్తుడో అనుకునేవారు. మర్యాదా లేదు, పాడూ లేదు. కూర్చుంటే లేవలేడు, అంతే. ఆ సంగతి ఇంట్లో అమ్మకూ నాకూ, గోడ అవతల ఉండే పక్కింటి అక్కకూ తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆయనే తెలియనివ్వలేదు.

మాది మిర్యాలగూడ. ఎనభైల మొదట్లో మాట, నేను నాలుగో తరగతిలో ఉన్నాను. మా నాయన ఒక రైసు మిల్లులో హమాలీ. లారీకి బస్తాలు ఎక్కించడానికి ఏటవాలుగా వేసే చెక్క మీద తడిసిన తవుడు పడి ఉంది. దాని మీద కాలు జారి, వీపు మీది వడ్ల బస్తాతో సహా కింద పడ్డాడు. బస్తా ఆయన మీద పడింది. నలుగురు కలిసి రిక్షాలో ఇంటికి తెచ్చి పడుకోబెడితే, వాళ్లకు చాయ్ పోయమని అమ్మకు సైగ చేశాడు. ఆ మనిషి అలాంటివాడు.

మిల్లు పుస్తకంలో పేరున్న కొద్దిమందిలో మా నాయన ఒకడు కాబట్టి ఆయనకు కార్మికుల బీమా ఉండేది. పని చేయలేని రోజులకు కూలిలో కొంత భాగం ఇచ్చేవారు. దానికి ప్రతి వారం బీమా దవాఖానకు వెళ్లి, ఈ మనిషి ఇంకా పనికి పోలేడని డాక్టరు చేత రాయించుకుని రావాలి. ఆ కాగితం ఉన్నంతకాలం మా పొయ్యి వెలిగేది. అమ్మ మిల్లు ఆవరణ ఊడ్చి తెచ్చే నూకలు తోడయ్యేవి. కాగితం ఆగిపోతే మా నాయన మళ్లీ బస్తా కిందికి పోవాలి, పోతే ఆ నడుము ఇక లేవదు. తొమ్మిదేళ్ల పిల్లనైన నాకు కూడా ఇది స్పష్టంగా తెలుసు.

మొదట్లో ఉన్న పెద్ద డాక్టరు, పడిన రోజే చూసినవాడు కనుక, అడగకుండానే రాసిచ్చేవాడు. ఆయన బదిలీ అయి ఒక కొత్త డాక్టరు వచ్చాడు. ఎక్కడెక్కడో పని చేసుకుంటూ ఇక్కడ బీమా తీసుకునే దొంగ రోగుల్ని పట్టుకుంటాడని అతని గురించి మిల్లుల్లో చెప్పుకునేవారు. మాకు భయం వేయలేదు. మేము దొంగలం కాము కదా అనుకున్నాం. అదే మేము చేసిన తప్పు.

కొత్త డాక్టరు దగ్గరికి పోవాలని ముందు రోజు అమ్మ పంచె ఉతికి, ఇత్తడి చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేసింది. తలకు నూనె రాసింది. పెళ్లికి పోయేవాడిలా మా నాయన నిటారుగా నడిచి దవాఖానకు వెళ్లాడు. వంగితే ప్రాణం పోతుంది కాబట్టి ఆయన నిటారుగానే నడవాలి. అమ్మకు పని ఉంది కనుక తోడు నేను. అక్కడ చెప్పులు బయట విప్పాలని బోర్డు ఉండేది. ఆయనవి టైరు చెప్పులు, మడమ వెనక పట్టీ ఉంటుంది. వంగి ఆ పట్టీ తియ్యడం ఆయన వల్ల కాదు. నేను తీసి గోడ పక్కన పెట్టి, వెనకాలే లోపలికి వెళ్లాను.

డాక్టరు తల ఎత్తకుండా కూర్చోమన్నాడు. "పర్వాలేదు సార్" అని మా నాయన నిలబడ్డాడు. ఎలా ఉన్నావని అడిగాడు. మా నాయన చేతులు కట్టుకుని, "మీ దయ వల్ల మంచిగున్న సార్" అన్నాడు.

ఆ జవాబు గురించి కొంచెం చెప్పాలి. ఇద్దరు హమాలీలు బస్తాను లేపి మూడోవాడి వీపు మీద పెట్టేటప్పుడు ఎట్లుందని అడుగుతారు. మంచిగుంది, ఇడువు అనాలి. నడుము విరుగుతున్నా అదే అనాలి. బరువుగా ఉందని ఒకడంటే వాడి వంతు మిగిలినవాళ్ల వీపుల మీద పడుతుంది కాబట్టి ఎవరూ ఆ మాట అనరు. మా నాయన పదిహేనేళ్లు, రోజుకు ఎన్నిసార్లో, ఆ ప్రశ్నకు ఆ ఒక్క జవాబే ఇచ్చాడు. దానికి తోడు పెద్దవాళ్లు అడిగితే బాగున్నామనడం మన ఇళ్లల్లో ఉన్న అలవాటే. ఇన్ని కలిసి ఆయన నోట్లో కూర్చున్నాయి. పాపం డాక్టరుకు ఇదంతా ఎలా తెలుస్తుంది? ఇస్త్రీ బట్టలతో నిటారుగా నిలబడిన మనిషి బాగున్నానని తన నోటితో చెబితే అతను ఏం రాయాలో అదే రాశాడు.

అది ఇంగ్లీషులో ఉంది. మేము సంతోషంగా మిల్లుకు తీసుకెళ్లి ఇచ్చాం. గుమాస్తా చదివి, "ఇగ నువ్వు ఫిట్ అని రాసిండు. సోమవారం డ్యూటీకి రా, రాకుంటే పేరు కొట్టేస్తరు" అన్నాడు. మా నాయన సరేనన్నాడు. 

ఇంటికొచ్చాక ఆయన ఎవరికీ చెప్పకుండా దొడ్లోకి వెళ్లి, నీళ్ల బిందె ఎత్తి చూసుకున్నాడు. అది సగం కూడా నిండి లేదు. బిందె జారి దొర్లిపోయింది, ఆయన మోకాళ్ల మీద పడ్డాడు. అమ్మా నేనూ వెళ్లేసరికి లేవలేక, మట్టిలో చెయ్యి ఆనించి, బిందెకు సొట్ట పడిందేమో చూడమన్నాడు. అమ్మ ఆ నీళ్లల్లోనే కూలబడి తల బాదుకుంది. ఎవరి కాళ్లు పట్టుకోవాలి, ఎక్కడికి పోవాలి అని గోడకు చెప్పుకున్నట్టు ఏడ్చింది. అమ్మకు ఏ దారీ తోచడం లేదని నేను చూడటం అదే మొదలు. పెద్దవాళ్లకు తెలియని సంగతి ఉండదని అప్పటిదాకా నా నమ్మకం.

కబురు అంది చివ్వెంల నుంచి మా మేనమామ బస్సులో దిగాడు. ఆయన దగ్గర ఉపాయం ఉంది. "బావా, నువ్వు సిపాయి లెక్క పోతే ఎవడు నమ్ముతడు? మంచం మీద ఏసుకొని పోదం. కట్లు కడతం. నువ్వు గట్టిగ మూల్గు. ఏదీ, ఒక్కసారి మూల్గు సూస్త" అన్నాడు. మా నాయన సిగ్గుపడుతూ, గుంజ పట్టుకుని, "అమ్మా" అన్నాడు. అది మూలిగినట్టు లేదు, ఎవరినో పిలిచినట్టు ఉంది. మామ ఇంకోసారి అనమన్నాడు. రెండోసారి ఇంకా ఘోరంగా వచ్చింది. నాకు నవ్వొచ్చింది. పకపకా నవ్వాను. అమ్మ నా వీపు మీద ఒక్కటిచ్చింది. మా నాయన మాత్రం గోడ వైపు తిరిగాడు. నిజంగా నొప్పి వచ్చినప్పుడు కిక్కురుమనని మనిషి, నొప్పి ఉన్నట్టు నటించడం నేర్చుకుంటుంటే నేను నవ్వాను. ఇప్పటికీ ఆ నవ్వు గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

పక్కింటి అక్క ఇదంతా గోడ అవతల నుంచి విని లోపలికొచ్చింది. ఆమె కోదాడ దగ్గర అనంతగిరి వైపు ఆడపిల్ల. మా మిల్లులోనే బియ్యం చెరిగేది. అదే మిల్లులో పనిచేసిన ఆమె భర్త, దగ్గును తువ్వాలులో దాచుకుని దాచుకుని, అది ఇంట్లో బయటపడేసరికే చేయి దాటిపోయి చనిపోయాడు. అందుకేనేమో ఆమెకు ఇలాంటి మగవాళ్ల మీద జాలీ కోపమూ సమానంగా ఉండేవి.

"నాటకమాడితే ఆ డాక్టరు ఇట్టే పట్టేస్తాడు బాబాయ్. ఉన్నదే చాలినంత ఉంది గదా, లేనిది ఎందుకు కలపటం?" అంది. మేనమామ ఏదో అనబోతే వినిపించుకోలేదు. నా చెయ్యి పట్టుకుని తన ఇంటి అరుగు మీదికి తీసుకెళ్లి, చేటలో నూకలు పోసుకుని రాళ్లు ఏరుతూ, పొద్దున లేచిన దగ్గర్నుంచి మీ నాన్నకు నువ్వేమేం చేస్తావో చెప్పవే అంది. కథ చెప్పమని అడిగినట్టు అడిగింది.

నేను చెప్పాను. దూలానికి కట్టిన తాడు ఆయన చేతికి అందిస్తాను. అమ్మ చంకల కింద పట్టుకుంటే నేను కాళ్లు మంచం దించుతాను. మొహం కడుక్కోవడానికి వంగలేడు కనుక చెంబుతో నీళ్లు నేనే పోస్తాను. కాళ్లు కడుగుతాను. చెప్పులు తొడిగి పట్టీ పెడతాను. దొడ్లోకి పోయినప్పుడు బయట నిలబడి, పిలిస్తే అమ్మను పిలుస్తాను. నొప్పి వస్తే ఏడుస్తాడా అని అక్క అడిగింది. ఏడవడు, పళ్లు కొరుక్కుంటాడు, తర్వాత నన్ను చూసి నవ్వుతాడు అన్నాను. అక్క కాసేపు రాళ్లు ఏరడం మానేసింది.

"రేపు డాక్టరు దగ్గర ఇదే చెప్పు. ఒక్క మాట ఎక్కువొద్దు, ఒక్కటీ తగ్గొద్దు" అంది. ఇంకొకటి కూడా చెప్పింది. రేపు మాత్రం చెప్పులు బయట విప్పవద్దు, వాటితోనే లోపలికి తీసుకుపో అంది. బోర్డు ఉంది కదా, తిడతారు కదా అన్నాను. తిట్టనీ అంది. మా నాయన దగ్గరికి పోయి, డాక్టరు అడిగితే నోరు విప్పనని ఒట్టు వేయించుకుంది. ఆయన ఒట్టు వేశాడు కానీ ఆడపిల్ల చేత చెప్పించుకోవడమా అని చాలాసేపు గొణుక్కున్నాడు.

మర్నాడు శనివారం. చెప్పులతోనే డాక్టరు గదిలోకి వెళ్లాం. డాక్టరు మమ్మల్ని చూసి విసుక్కున్నాడు. "మొన్ననే రాసిచ్చాను కదా, మళ్లీ ఎందుకొచ్చావు? ముందు ఆ చెప్పులు బయట విప్పి రా" అన్నాడు. మా నాయన గుమ్మం దాకా వెనక్కి వెళ్లి ఆగి, నా వైపు చూశాడు. నేను రోజూలాగే కింద కూర్చున్నాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి బరువు వేశాడు. నేను పట్టీ తీసి కాలు పైకి లేపబోతే ఆ కాలు వణికింది. గట్టిగా గాలి పీల్చిన చప్పుడు నాకు పైన వినిపించింది. రెండో చెప్పు తీసేసరికి డాక్టరు లేచి నిలబడ్డాడు. ఈసారి మా నాయన మొహంలోకి సూటిగా చూస్తూ, ఎలా ఉంది నీకు అని అడిగాడు.

ఒట్టు వేసిన మనిషి పెదవులు కదిలాయి. "మంచి..." అన్నాడు.

"మంచిగ లేదు సార్" అని అరిచినట్టు అన్నాను నేను. అన్నాక నా గొంతుకు నేనే జడుసుకున్నాను. కానీ ఇక ఆగితే సోమవారం వస్తుందని తెలుసు. తాడు, మంచం, చెంబు, చెప్పులు, అరుగు మీద చెప్పిన వరసలోనే అన్నీ చెప్పాను. సగం నిండని బిందె సంగతి కూడా చెప్పాను. ఒక్క మాట కలపలేదు. నవ్విన సంగతి ఒక్కటే దాచుకున్నాను.

డాక్టరు బల్ల దాటి వచ్చి, పట్టుకుని మా నాయనను పడుకోబెట్టాడు. కాలు కొంచెం ఎత్తాడో లేదో ఆయన ఒళ్లంతా చెమట పట్టింది. అప్పుడు మూలిగాడు మా నాయన. చిన్నగా, ఎవరికీ వినపడకూడదన్నట్టు. మొన్న ఎందుకు చెప్పలేదయ్యా అని డాక్టరు అడిగాడు. "ఎట్లున్నవంటే ఇంకేమంటరు సార్" అన్నాడు ఆయన. కళ్లల్లోంచి నీళ్లు చెవుల్లోకి కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి లేపలేదు. డాక్టరు పాత కాగితం చెల్లదని, ఈ మనిషి పని చేయలేడని మిల్లుకు రాసి, ఎముకల ఫొటోకు సూర్యాపేట పంపాడు. బీమా మళ్లీ వచ్చింది. సోమవారం మా నాయన మిల్లుకు పోలేదు.

అంతా బాగైపోయిందని చెప్పను. ఆ నడుము మళ్లీ బస్తా ఎరగలేదు. చాలా నెలల తర్వాత మిల్లు గేటు దగ్గర నిలబడే పని ఇచ్చారు, నిలబడటంలో ఆయనను మించినవాడు లేడు కదా. అక్క కొన్నేళ్లకు కోదాడ వెళ్లిపోయింది. ఎక్కడుందో తెలుసుకోకపోవడం నా తప్పే. మా నాయన చివరి రోజుల్లో పలకరించడానికి ఎవరైనా వచ్చి ఎట్లున్నవని అడిగితే, జవాబు చెప్పకుండా నా వైపు చూసేవాడు. "నువ్వు చెప్పు బిడ్డా" అనేవాడు. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పేదాన్ని.

ఇప్పుడు నా మోకాళ్లు నా మాట వినడం లేదు. ఆస్పత్రికి వెళితే, మా కూతురి వయసున్న డాక్టరమ్మ, ఎలా ఉన్నారమ్మా అని నవ్వుతూ అడుగుతుంది. నా నోటికి ముందు బాగున్నానమ్మా అనే వస్తుంది. ఎక్కడికి పోతుంది, ఆయన రక్తం. అప్పుడు నా తల మీద ఆ రోజు ఆయన చెయ్యి వేసిన బరువు మళ్లీ తెలుస్తుంది. ఆ మాట మింగేసి, చెప్పులు తొడుక్కోవడం దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెడతాను.