గుర్వయ్య పాతరేసిన పుస్తకాలు

మా ఊరి గుర్వయ్యకు ముప్పై గొర్రెలు, ఒక గొంగడి, ఒక పిచ్చి ఉండేవి. మొదటి రెండింటినీ ఊరు మన్నించేది. మూడోది పుస్తకాల పిచ్చి. మర్రిగూడ దిక్కు కరువు నేలలో, రెండు పూటలా జొన్న గటక దొరికితే పండుగనుకునే ఇంట్లో ఆ పిచ్చి ఎలా పుట్టిందంటారా? కమ్యూనిస్టు సంఘం వాళ్లు ఊళ్లోకి వచ్చి అక్షరాలు నేర్పారు. తర్వాత వాళ్లు అడవి పట్టారు, అక్షరాలు ఇతని దగ్గర మిగిలిపోయాయి.

కొనడానికి చేతిలో చిల్లిగవ్వ లేదు. కానీ గొర్రెలున్నాయి. మా దిక్కున ఎండాకాలం రైతు చేనులో రాత్రి మంద కడితే, పడిన ఎరువుకు బదులుగా కాపరికి జొన్నలు కొలుస్తారు. గుర్వయ్య జొన్నలు వద్దనేవాడు. "అటుక మీద పాత పుస్తకం ఏమన్న ఉంటే ఇయ్యి పటేలా," అనేవాడు. ఊరి పటేలు మహా సంబరపడ్డాడు. ఆయన తండ్రి బాగా చదివేవాడు. కొడుక్కి ఆ జబ్బు అంటలేదు. ఎలుకలు కొట్టే కాగితాలిచ్చి చేనుకు ఎరువు వేయించుకోవడం ఎవరికి చేదు? రాత్రికొకటి చొప్పున పంతొమ్మిది పుస్తకాలు గుర్వయ్య ఇంటికి చేరాయి.

"జొన్నలు తెమ్మంటే గివి తెస్తవు. ఉడకేసుకొని తిందమా?" అని భార్య బీరమ్మ తిట్టేది. అందులో తప్పేముంది? కడుపు ఆమెకూ ఉంది కదా.

కొన్నాళ్లకు పటేలు సంఘానికి జడిసి పట్నం పారిపోయాడు. పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఎండాకాలం తెల్ల టోపీ పెట్టుకుని, మిలిట్రీని వెంటబెట్టుకుని దిగాడు. సంఘం కాగితం దొరికితే క్యాంపుకు పట్టుకుపోతారన్నారు. మిలిట్రీకి తెలుగు రాదు. వాళ్ల లెక్కన తెలుగు కాగితమంతా సంఘం కాగితమే.

గుర్వయ్యకు తెలిసిన దాపరికం ఒక్కటే, జొన్నలు దాచేది. ఇంటి వెనుక నేలలో తవ్విన పాతర ఏడాదిగా ఖాళీగా ఉంది. అందులో గడ్డి పరిచి, పుస్తకాలు పేర్చి, మూత మీద మట్టీ పేడా కలిపి నున్నగా మెత్తాడు. గింజ లేని ఇంట్లో పాతర మెత్తితే చూసినవాడు ఏమనుకుంటాడన్నది మాత్రం ఆ తలకు తట్టలేదు. తుపాకులున్నాయనుకుని మిలిట్రీ తవ్వేసింది.

అధికారికి ఉర్దూ వచ్చు. మొదటి పుస్తకం తెరిచి, లోపలున్న ఉర్దూ సంతకం చదివి, ఇది మీ తండ్రి పేరు కదా అని పటేలును అడిగాడు. పటేలుకు చెమటలు పట్టాయి. ఇవి సంఘం పుస్తకాలైతే తన కొంపా మునుగుతుంది.

"దేవుని పుస్తకాలు సాబ్. సంఘపోళ్లు మా ఇల్లు దోచినప్పుడు పోయినయి," అన్నాడు.

"దోచుడేంది పటేలా? మంద కట్టి తీసుకున్న గద!" అన్నాడు గుర్వయ్య.

ఆ మాట ఉర్దూలో చెప్పమని అధికారి పటేలునే అడిగాడు. పటేలు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. నాకు ఒళ్లు మండేది అక్కడే. నిజం చెప్పినా నమ్మరని ఆయనకు తెలుసు. జొన్నలు వదులుకుని పుస్తకాలు తీసుకున్న గొర్రెల కాపరి! అధికారి పడీ పడీ నవ్వి, ఈ దొంగను క్యాంపుకు ఎక్కించమన్నాడు.

తొలకరి దగ్గరపడింది, పటేలు చేనుకు ఇంకా ఎరువు పడలేదు. ఊళ్లో ఇంకో మంద లేదు. "తెలివిలేనోడు, ఇడిచిపెట్టుండ్రి సాబ్," అని పటేలు అడ్డుపడ్డాడు. తన పుస్తకాలు పట్టుకుపోతున్నవాడికే గుర్వయ్య కాళ్లు మొక్కాల్సి వచ్చింది. దేవుని పుస్తకాలని అందరిముందూ అన్నాడు కనుక పటేలు వాటికి పసుపు రాసి దేవుడి గూట్లో పెట్టాడు.

వారం ఆగి గుర్వయ్య వెళ్లి అడిగాడు.

"అప్పుడంటే రద్దీ కాగితాలు, చిత్తుకు పోయేటియి. ఇప్పుడు పూజల ఉన్నయి. పుస్తకానికి పది రాత్రులు కట్టు," అన్నాడు పటేలు.

గుర్వయ్య ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పి, తిట్లకు సిద్ధపడి కూర్చున్నాడు. బీరమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

"పదైతే పది. ముందుగాల గా అడవిల తప్పిపోయిన రాణి పుస్తకం తే. రాత్రి దొడ్డికాడ నువ్వు చదువుతుంటే ఇన్న. సగంల పాతరేస్తివి. గామె బతికిందో సచ్చిందో, నాకు బువ్వ దిగుతలేదు."

ఇన్నాళ్లూ తను గొర్రెలకే చదువుతున్నానని అనుకున్నాడు గుర్వయ్య. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ పుస్తకం అతను అప్పటికే రెండుసార్లు పూర్తిచేశాడు. ఒక్క ముక్క చెబితే పది రాత్రుల జొన్నలు ఇంట్లో ఉంటాయి.

"ఏమో, నాకూ తెల్వది," అని కర్ర అందుకుని, మందను పటేలు చేను దిక్కు మళ్లించాడు.