రుద్రమ్మ నోటికి తాళం

అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల సందులో రుద్రమ్మ టిఫిన్ బండి దగ్గరికి పోయినవాడికి నోరు తెరిచే పని ఉండదు. వాడు మలుపు తిరుగుతుండగానే నడక చూసి, ఇడ్లీయా దోశా, చట్నీ ఎంత అని తేల్చేసి, ప్లేటు చేతిలో పెట్టేస్తుంది. వడ తిందామని వచ్చినవాడు కూడా ఆమె పెట్టింది తిని, నాకు కావలసింది ఇదే కదా అనుకుంటూ పోతాడు. ఎస్.ఆర్. నగర్ హాస్టల్ కుర్రాడొకడు రెండేళ్లు ఇక్కడ తిని, ఉద్యోగమొచ్చి బెంగళూరు వెళ్లాక, హోటల్లో ఏం కావాలని అడిగితే బిత్తరపోయి ఏడ్చాడట. నమ్మేవాళ్లు నమ్మండి.

ఇంత రుద్రమ్మకూ ఒక్కటే దిగులు. మనవడు రిషికి మూడేళ్లు నిండినా మాట రాలేదు. చెవులు బాగున్నాయని డాక్టర్లు చెప్పారు. నవ్వితే పంజగుట్ట దాకా వినబడుతుంది. మాట మాత్రం లేదు. మాటలొస్తాయని నానమ్మ వస కొమ్ము అరగదీసి నాకించింది. ఆ వస కూడా రుద్రమ్మకే పట్టినట్టుందని పక్కన చాయ్ అమ్మే ముషర్రఫ్ ఊరంతా చెప్పాడు.

చివరికి కోడలు సుకన్య పిల్లాణ్ణి పంజగుట్టలో మాటలు నేర్పే దివ్యశ్రీ దగ్గరికి తీసుకుపోయింది. ఆమె ట్యాబ్‌లో ఒక యాప్ వేసి ఇచ్చింది. బొమ్మ నొక్కితే ట్యాబ్ దాని పేరు పలికి, కాసేపు ఆగుతుంది. పిల్లాడు తిరిగి పలికితే తెర మీద నక్షత్రం రాలుతుంది. సుకన్యది బట్టల షాపులో పొద్దంతా నిలబడే ఉద్యోగం. అందుకని పిల్లాడి పక్కన కూర్చునే పని రుద్రమ్మకు పడింది.

ఇక నక్షత్రాలు కురిశాయి చూడండి, ఆకాశంలో కొరత వచ్చేటన్ని. మనవడు ఫస్టని రుద్రమ్మ సందంతా చాటింది. మళ్లీ దివ్యశ్రీ దగ్గరికి తనే వెంట పోయింది. దివ్యశ్రీ పిల్లి బొమ్మ నొక్కింది. ట్యాబ్ "పిల్లి" అంది. రిషి తలెత్తి నానమ్మ నోటి వంక చూశాడు. "పిల్లి" అంది రుద్రమ్మ. నక్షత్రం రాలింది. రుద్రమ్మ చప్పట్లు కొట్టింది.

దివ్యశ్రీ నవ్వాపుకుంది. "ఏంటి రుద్రమ్మగారూ, నక్షత్రాలన్నీ మీరే కొట్టేశారా? వాడికి అడిగే అవసరమే రానివ్వట్లేదు మీరు. ఇవాళ్టి నుంచి అడగందే ఏదీ ఇవ్వకండి. ట్యాబ్ ఆగినట్టే మీరూ ఆగండి."

రుద్రమ్మ ముఖం వాడిపోయింది. "అడిగినంక పెడితే గది పెట్టుడు ఎట్లయితదమ్మా? బిచ్చమేసినట్టు కాదా?"

"మీరు ముందే పెట్టేస్తే వాడెప్పుడు అడుగుతాడండీ?"

రుద్రమ్మ ఒకరి మాటకు తలూపింది. పుట్టాక అదే మొదటిసారి అంటారు.

మర్నాటి నుంచి రుద్రమ్మ పళ్లు బిగించుకుని తిరిగింది. పంటి నొప్పని సందులో పుకారు లేచింది. ముషర్రఫ్ లవంగం తెచ్చిచ్చాడు. చెప్పలేక దాన్ని నమిలింది.

ఒక పొద్దున బండి పక్కన స్టూలు మీద రిషి కూర్చున్నాడు. చక్కెర చల్లిన దోశ వాడి ప్రాణం. నానమ్మ కొంగు లాగాడు. ఆమె పెనం వంక చూసింది. వాడు ట్యాబ్‌లో బొమ్మ నొక్కాడు. "దోశ" అంది ట్యాబ్. రుద్రమ్మ కుడి చెయ్యి ప్లేటుతో దానంతటదే సాగింది. ఎడమ చేత్తో దాన్ని పట్టుకుంది. వాడు ప్లేటు చూశాడు, ట్యాబ్ చూశాడు, నానమ్మ నోరు చూశాడు. ఆ నోట్లోంచి ఏమీ రాలేదు. ముషర్రఫ్ చాయ్ వడబోస్తూ ఆగిపోయాడు. రుద్రమ్మ పెదవి కొరుక్కుంది, కళ్లలో నీళ్లు తిరిగాయి.

రిషికి కోపమొచ్చింది. కాలు నేలకేసి కొట్టాడు.

"ఇయ్యి" అన్నాడు.

ఈసారి నక్షత్రం రాలిందో లేదో ఎవరూ చూడలేదు. పెనం మీద దోశ మాడి బొగ్గయింది, రుద్రమ్మ బండి చరిత్రలో మొదటిది.

"రుద్రమ్మక్కా, జర పొయ్యి చూసుకో," అన్నాడు ముషర్రఫ్, తన చాయ్ పొంగిపోతున్నది చూసుకోకుండా.

రుద్రమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, ఎదురుగా నిలబడ్డ మరో హాస్టల్ కుర్రాడి వైపు తిరిగింది. వాడు అలవాటుగా ప్లేటు కోసం చెయ్యి చాచి ఉన్నాడు.

"నీకేం గావాలె, బిడ్డా?"

కుర్రాడు నోరు తెరిచాడు, మాట రాలేదు. రుద్రమ్మ చేతులు కట్టుకుని, ట్యాబ్ లాగా ఆగింది.