మేనత్త పసుపు రాయని రోజు

మా అత్త పోయిందని నాన్న ఫోన్ చేసినప్పుడు నేను కాలేజీ క్యాంటీన్‌లో సమోసా తింటున్నాను. "అత్త ఇంక నేదమ్మా" అన్నాడు. వెనక ఎవరో ఏడుస్తున్నారు. ఇంకెవరో అంబులెన్సు అతనికి హిందీలో గల్లీ గుర్తులు చెబుతున్నారు. ఖుర్సీపార్‌లోని తన కుట్టు దుకాణంలో, మెషిన్ మీదే తల వాల్చిందట. గుండె ఆగిపోయిందట. పాదం మాత్రం ఇంకా పెడల్ మీదే ఉందట.

నేను వెళ్ళేసరికి ఆమెను చాప మీద పడుకోబెట్టారు. ఏడవడానికని పక్కన కూలబడ్డాను. మా వీధి చివరింటి ఆవిడ నాయనమ్మ చెయ్యి పట్టుకుని అంది: "బంగారంలాటి గుంట శుభకార్యం ఆపింది. ఆ ఉసురు ఊరికే పోద్దేటమ్మా?" నాయనమ్మ తల ఊపింది. సొంత కూతురు చాప మీద ఉండగా తల ఊపింది. నా ఏడుపు అక్కడే ఆగిపోయింది. ఇప్పటికీ మళ్ళీ రాలేదు. దాని చోట కోపం వచ్చి కూర్చుంది. ఈ నాలుగు మాటలూ ఆ కోపంతోనే రాస్తున్నాను. ఓపిక పట్టి చదవండి.

ఆవిడ అన్న ఆ గుంటను, ఆ ఆడపిల్లను, నేనే.

అత్త మా నాన్నకు అక్క. తాతయ్య ఇక్కడి ఉక్కు ప్లాంటులో పని దొరికి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినప్పుడు చంకలో వచ్చిన పిల్ల. పెళ్ళయిన కొన్నేళ్ళకే భర్త పోయాడు, పిల్లల్లేరు. కుట్టు మెషిన్ పెట్టుకుంది. మా ఖుర్సీపార్‌లో తెలుగువాళ్ళ ఇంట ఏ ఆడపిల్ల పెద్దమనిషైనా లంగా, ఓణీ, జాకెట్టు అత్త చేతి మీదుగా పోవలసిందే.

నేను తెలుగు చదవడం నేర్చుకున్నది బడిలో కాదు, ఆ దుకాణంలో. బడి అంతా హిందీ. అత్త పాత తెలుగు పేపర్లను జాకెట్టు కొలతలకు కత్తిరించి మేకుకు తగిలించేది. చేతుల ఆకారంలో, మెడ ఆకారంలో వేలాడే ఆ కాగితాల మీద నేను అక్షరాలు కూడబలుక్కునేదాన్ని. వాక్యం సరిగ్గా చంక దగ్గర తెగిపోయేది. "తర్వాతేటయింది అత్తా?" అంటే, "వీపు ముక్కలో ఉంటాది, ఎతుక్కో" అనేది. మాటల మీద నాకింత పిచ్చి ఎక్కడిది అని ఇప్పుడు కాలేజీలో అడుగుతుంటారు. వీపు ముక్కలు వెతికీ వెతికీ వచ్చింది.

పిల్లల బట్టలు ఆమె ఎప్పుడూ అడుగున మడతలు వేసి కుట్టేది. పిల్ల ఎదిగేకొద్దీ ఒక్కో మడత విప్పుకోవచ్చు. ఎవరైనా "అంత గుడ్డ లోపల దాచీసేవేటమ్మా, పొడుగు తగ్గిపోనాది" అని సణిగితే ఒకటే జవాబు: "కత్తిరించీసినాక అతకలేం. చోటు వదిలితే పిల్లే నింపుకుంటాది."

నాకు ఏడేళ్ళు నిండి కొన్ని నెలలు. దసరాకు కుట్టిన గౌను దీపావళికి ఛాతీ దగ్గర పట్టేసింది. అత్త టేపు వేసి చూసింది. ఆ సాయంత్రమే అమ్మతో "గుంటని డాక్టరికి సూపించాల" అంది. అమ్మ భయపడింది, నాన్న నవ్వాడు, రోజులు గడిచాయి. ఒక పొద్దున్న నా బట్టలకు రక్తం అంటింది. దెబ్బ తగిలిందనుకుని, ఎక్కడ పడ్డానో గుర్తు తెచ్చుకుంటూ ఏడ్చాను.

ఇంట్లో మాత్రం సంబరం. నాయనమ్మ నువ్వులూ బెల్లమూ కలిపి చిమ్మిలి దంచించింది. మూలన చాప వేసి నన్ను కూర్చోబెట్టారు. మగవాళ్ళ ముఖం చూడొద్దన్నారు, ఆడుకోవద్దన్నారు. ఏడేళ్ళ పిల్లను పట్టుకుని "పెద్దమనిషి అయింది" అని ఫోన్లు చేశారు. అప్పటికి నాకు షూ లేసు ముడి వేసుకోవడం రాదు. కమ్యూనిటీ హాలు మాట్లాడారు, మైకు పెట్టారు.

మాలో ఆ వేడుకకు మేనత్త కావాలి. భర్త పోయినా సరే, మొదటి పసుపు ఆమే రాయాలి. ఆ చెయ్యి పడందే ఏదీ మొదలవదు. అత్త ముందే చెప్పింది, తాను రాయనని. ఎవరూ పట్టించుకోలేదు. "పిల్లల్లేనిది, దానికేటి తెలుసు" అంది నాయనమ్మ, అత్త ముందే. అత్త దారం తెంపుతూ, "జాకెట్టు కుట్టడానికి పెళ్ళికూతుర్నవ్వాలేటే అమ్మా?" అంది. అందరూ నవ్వారు. నవ్వి, మళ్ళీ హాలు ఏర్పాట్లలో పడ్డారు.

వేడుక రోజు పొద్దున్నే అత్త వచ్చింది. పసుపుకే వచ్చిందనుకున్నారు. అమ్మ నాకు పరికిణీ తొడిగి, వెనక గుమ్మంలోంచి ఎవరూ చూడకుండా నన్ను ఆమె చేతికి అప్పగించింది. నాన్న మొదటి షిఫ్టులో ఉన్నాడు. అత్త నన్ను పవర్ హౌస్ స్టేషన్‌లో లోకల్ రైలు ఎక్కించి రాయ్‌పూర్ తీసుకుపోయింది. ఇక్కడ హాల్లో పసుపు గిన్నె నిండుగా ఉంది, వండిన కూరలు చల్లారుతున్నాయి, మైకులో పాటలు వస్తున్నాయి. మేనత్త లేదు. కార్యం జరగలేదు.

అక్కడ పెద్దాసుపత్రిలో నా ఎడమచేతికి ఎక్స్‌రే తీశారు. పలక చల్లగా ఉందని నేను చెయ్యి లాక్కుంటే అత్త ముందు తన చెయ్యి పెట్టి చూపించింది. నా ఎముకల వయసు నా వయసును దాటి పరిగెడుతోందని డాక్టరమ్మ చెప్పింది. వదిలేస్తే ఎత్తు త్వరగా ఆగిపోతుంది, ఈ పసితనంలోనే నెలనెలా ఈ బాధ ఉంటుంది. నెలకో సూదితో కొన్నేళ్ళు ఆపవచ్చు, సరైన వయసులో మందు మానేస్తే అదే మళ్ళీ మొదలవుతుంది. అత్త "దీనివల్ల నష్టమేంటి?" అని హిందీలో తిప్పి తిప్పి అడిగింది. నొప్పి, అప్పుడప్పుడు తలనొప్పి, ఎముకల మీద ఒక కన్నేసి ఉంచాలి, కొన్ని సంగతులు మాకూ పూర్తిగా తెలియవు అంది డాక్టరమ్మ. తిరుగు రైలులో అత్త అంది: "తెల్దని ఒప్పుకుంది సూడు, ఆ డాక్టర్ని నమ్మొచ్చు."

తర్వాత నాన్న కూడా వెళ్ళి మాట్లాడి సరేనన్నాడు. నాలుగేళ్ళు ప్రతి నెలా అత్తే తీసుకెళ్ళింది. సూది తొడకు వేస్తారు కాబట్టి ఆ రోజు పరికిణీయే వేసుకోవాలి, ప్యాంటు వద్దు. ఇది ఆమె పెట్టిన నియమం. సూది వేసే నర్సుతో "ఒకటి నాకూ పొడవండి సిస్టర్, నేనూ బేగి ముసలిదాన్నైపోతన్నాను" అనేది. ఆ నవ్వులో సూది దిగిపోయేది. నవ్వకపోతే నేను గట్టిగా ఏడ్చేదాన్ని. అది చిన్న నొప్పేమీ కాదు, అబద్ధం చెప్పను.

ఆ నాలుగేళ్ళూ మా వీధి ఆమెను ఏమేమి అందో ఇక్కడ రాయలేను. ఓణీలు కుట్టించుకోవడానికి వేరే దుకాణాలకు వెళ్ళారు. గొడ్రాలి దిష్టి అన్నారు. మందు ఆపిన కొన్నాళ్ళకు, నాకు పన్నెండు దాటాక, మళ్ళీ రక్తం కనిపించింది. ఈసారి నేనెక్కడా పడలేదని నాకు తెలుసు. నేరుగా దుకాణానికి వెళ్ళి చెప్పాను. అత్త షట్టరు సగం దించి అడిగింది: "ఫంక్షన్ కావాలేటి నీకు? కావాలంటే నేనే సేస్తాను, పసుపూ నేనే రాస్తాను." చిమ్మిలి కావాలన్నాను, చాప వద్దన్నాను. ఇద్దరం గుడ్డముక్కల మధ్య కూర్చుని చిమ్మిలి తిన్నాం. నువ్వులు పళ్ళలో ఇరుక్కున్నాయి. నన్ను ఎవరైనా ఏం కావాలని అడిగిన మొదటి రోజు అది.

ఇప్పుడు మా చిన్నాన్న కూతురి సంగతి. దానికి ఎనిమిదేళ్ళు. పోయిన ఏడాది దానికీ అదే మొదలైంది. రక్తం రాకముందే అత్త కనిపెట్టింది. అదే ఆసుపత్రి, అదే సూది. అంతా సాఫీగా సాగుతుండగా చిన్నాన్న ఫోన్‌లోకి వీడియోలు రావడం మొదలైంది. ఒకరోజు దుకాణానికి వచ్చి ఫోన్ అక్క ముందు పెట్టాడు.

"అప్పా, దేఖో, ఇదే మందు. బయటి దేశాల్లో మగపిల్లల్ని ఆడపిల్లలుగా, ఆడపిల్లల్ని మగపిల్లలుగా మార్చడానికి ఇస్తన్నారట. కొన్ని చోట్ల గవర్నమెంటే ఆపీసింది."

అత్త మెషిన్ ఆపలేదు. "మన గుంటకెందుకిచ్చేరు?"

"వయసు ముందే వచ్చిందని."

"ఆ వీడియోలో పిల్లలకి?"

"వాళ్ళది అలగ్, వేరే మేటర్."

"అలగ్ అని నువ్వే అంటన్నావు. ఇంకేటిరా నీ డౌటు?"

అతను వెళ్ళాక నేను అడిగాను: "మరి ఆ పిల్లల సంగతేంటత్తా?" అత్త మెషిన్ ఆపి చెప్పింది: "నాకు తెల్దే. తెలీని దాని మీద నోరు పారీసుకోను. ఆ పిల్లని, దాని అమ్మానాన్నల్ని, డాక్టర్ని కూకోబెట్టి అడగాల. పిల్ల మజ్జిలో కూకునుండగా దాని నెత్తి మీంచి అరుసుకోకూడదు. అంతే నాకు తెలిసింది."

ఆ తర్వాత నేను దొరికినంత చదివాను. తాము ఆడపిల్లగానో మగపిల్లాడిగానో పుట్టిన తీరు తమకు సరిపోదని చెప్పే పిల్లలకు ఈ మందు ఇవ్వాలా వద్దా అని డాక్టర్లే రెండుగా చీలి ఉన్నారు. మేలు ఎంతో, కీడు ఎంతో, ఏ వయసులో ఎవరికో. ఆ వాదనల్లో నిజాయితీగా అడిగే ప్రశ్నలున్నాయి, వాటి మీద తీర్పు చెప్పేంత చదువు నాకు లేదు. నా కోపం ఆ ప్రశ్నల మీద కాదు. చిన్నాన్న చూపించిన వీడియోలన్నీ నేను చూశాను. ఊగిపోతూ అరిచే పెద్దవాళ్ళున్నారు, వెనక భయం పుట్టించే సంగీతం ఉంది. ఒక్క దానిలోనైనా ఒక పిల్ల మాట లేదు. అక్కడెక్కడో విసిరిన రాయి, ఏ సంబంధమూ లేని ఖుర్సీపార్ గల్లీలో మా చెల్లికి వచ్చి తగిలింది.

అత్త ఉన్నన్నాళ్ళూ ఆమె అడ్డుగా నిలబడింది. ఆమె పోయిన వారంలోనే చెల్లికి సూది వేయించాల్సిన రోజు వచ్చింది. మైల అని ఆగారు. పెద్దకర్మ భోజనాలయ్యాక, మేడ మీద షామియానా కింద నాయనమ్మ తేల్చేసింది.

"ఆ దిక్కుమాలిన సూదులు ఇంక ఆపీయండి. నా కళ్ళు మూతపడకముందే ఈ ఇంట్లో ఒక గుంటకైనా సమర్త సూడాల."

"పసుపెవరు రాస్తారు నాయనమ్మా? మేనత్తని ఇప్పుడే సాగనంపాం కదా" అన్నాను.

"వరసకి అత్తలు బోల్డుమంది ఉన్నారు" అంది ఆమె, విస్తరి మడుస్తూ.

ఒక మనిషి జీవితమంతా పట్టుకు నిలబడిన 'వద్దు' అనే మాట ఇంత తేలిగ్గా తీసి పక్కన పెట్టేయవచ్చని నాకు అప్పుడే తెలిసింది.

చిన్నాన్న నా వైపు చూడకుండా అన్నాడు: "ఇంత గొడవ జరుగుతున్న మందు. రిస్క్ ఎందుకు యార్."

"డాక్టర్ని అడిగావా చిన్నాన్నా?"

"డాక్టర్లు వాళ్ళ ధంధా వాళ్ళు చూసుకుంటారు."

"పోనీ నన్నడిగావా? నాలుగేళ్ళు వేయించుకున్నాను. నీ ఎదురుగానే పెరిగాను. ఒక్క రోజైనా, 'ఎలా ఉందే నీకు' అని అడిగావా? ఫోన్‌ని అడిగావు!"

నేను అరుస్తున్నానని అందరూ తిరిగి చూశాక తెలిసింది. పెద్దకర్మ నాడు ఆడపిల్ల గొంతు లేవకూడదని ఎవరో అన్నారు. అప్పుడు చెల్లి కనిపించింది. షామియానా గుంజ పట్టుకుని నిలబడి అంతా వింటోంది. దాని నెత్తి మీంచి నేనూ అరుస్తున్నాను.

దగ్గరికి వెళ్ళి అడిగాను. "నువ్వు చెప్పవే. నీకేం కావాలి?"

అది వాళ్ళ నాన్న వైపు చూసింది, నా వైపు చూసింది. "సూది నొప్పెడతాది. బహుత్ నొప్పెడతాది. కానీ చాప మీద కూకోను. నాకు స్పోర్ట్స్ డే ఉంది."

చెల్లి వాళ్ళమ్మ, మా పిన్ని, అప్పటిదాకా గిన్నెల దగ్గర ఉంది. లేచి చెయ్యి కొంగుకు తుడుచుకుని, ఎవర్నీ చూడకుండా నన్నే అడిగింది: "రేపు పొద్దున్న లోకల్ ఎన్నింటికి?"

మర్నాడు స్టేషన్‌కు చిన్నాన్న కూడా వచ్చాడు. "నేనే అడుగుతాను డాక్టర్ని" అన్నాడు. చేతులు కట్టుకుని వీడియోలో విన్నవన్నీ ఒక్కొక్కటే అడిగాడు. డాక్టరమ్మ విసుక్కోకుండా చెప్పింది, రెండుచోట్ల "అది మాకూ తెలియదు" అంది. అతని ముఖంలో భయం పూర్తిగా పోలేదు. తండ్రి భయం, దాన్ని నేను తప్పు పట్టను. "వచ్చే నెల కూడా నేనొస్తాను" అన్నాడు. మంచిదే. కానీ ఆ ప్రశ్నలు అత్త బతికుండగా అడిగి ఉంటే, పిల్లల్లేనిదన్న మాట పడుతూ ఆమె ఒక్కతే అన్ని గుమ్మాల ముందు నిలబడాల్సి వచ్చేది కాదు. అది నేను మరిచిపోను.

సూది గదిలో నర్సు మా వెనక తలుపు వైపు చూసింది. "టైలర్ దీదీ నహీ ఆయీ?" అంది, టైలరక్క రాలేదా అని.

చెల్లే చెప్పింది, "మర్ గయీ" అని, చచ్చిపోయిందని. చెప్పి, ఏడవకుండా, పరికిణీ పక్కకు తీసి పట్టుకుంది. ఈసారి గదిలో ఎవరూ నవ్వించలేదు.

తిరిగి వచ్చి పవర్ హౌస్‌లో దిగాం. చెల్లి ఎత్తుకోనివ్వలేదు. సూది పడిన కాలు ఈడ్చుకుంటూ మా అందరికంటే ముందు నడిచింది. దాని ఒంటి మీద ఉన్నది అత్త కుట్టిన ఆఖరి పరికిణీ, పసుపు రంగుది. అడుగున ఎన్నడూ లేనన్ని మడతలు, ఒకదాని మీద ఒకటి. వాటి బరువుకు అంచు అడుగడుగునా దాని చీలమండకు కొట్టుకుంటూ, ప్లాట్‌ఫారం చివరిదాకా చప్పుడు చేస్తూనే పోయింది.