ఏటనుకోకండి

ప్రమిద వెలిగించినప్పుడల్లా "ఆ అన్నయ్య సల్లగుండాల" అంటుంది మా అమ్మ. ఆ అన్నయ్య అనకాపల్లి బెల్లం మార్కెట్ వెనక ఉండే ముసలి రేడియో మెకానిక్. "ఏటనుకోకండి" అనకుండా ఏ వస్తువునూ ముట్టుకునేవాడు కాదు.

మేము కంప్యూటర్‌కి ట్యూనర్ తగిలించి టీవీ చూసేవాళ్లం. చెరకు సాగు గురించి నాన్న ఎప్పుడో మాట్లాడిన కార్యక్రమాన్ని ఒక ఉదయం మళ్లీ వేస్తున్నారు. పోయిన మనిషి గొంతు మా దగ్గర మరెక్కడా లేదు. తెర మీద బొమ్మేమో గళ్లుగళ్లుగా విడిపోతోంది.

పిలవగానే వచ్చిన మెకానిక్ యాంటెన్నా తిప్పాడు, వైరు మార్చాడు. లాభం లేకపోయింది. చిన్న ట్రాన్సిస్టర్ పట్టుకుని ఇల్లంతా తిరిగాడు. నాన్న ఫొటో దగ్గర అది గరగరమంది. ఫొటో ముందున్న ఎల్‌ఈడీ దీపాన్ని అమ్మ ఏనాడూ ఆపలేదు.

"సిగ్నల్ ఇదే పాడుసేత్తంది," అన్నాడు నాతో మెల్లగా.

అమ్మ వినేసింది. "నా సేత్తో ఆపలేను అన్నయ్యా."

ఆయన నూనె అడిగి, ముందు ప్రమిద వెలిగించి ఫొటో దగ్గర పెట్టాడు. "ఏటనుకోకండి బాబూ, అరగంటే," అని నాన్నకు చెప్పి స్విచ్ ఆపాడు.

బొమ్మ నిలిచింది. చెరకు తోటలో నాన్న మాట్లాడుతున్నారు. "ఆ సొక్కా నేనే ఇస్త్రీ సేసేను," అంది అమ్మ.

కార్యక్రమం అయిపోగానే మెకానిక్ మళ్లీ ఎల్‌ఈడీ స్విచ్ వేయబోయాడు.

"ఉండనీ అన్నయ్యా," అంది అమ్మ, తెర మీంచి చూపు తిప్పకుండా. "మళ్లీ మాటాడతారేమో."